బాక్టీరియాకు పౌరసన్మానం

"వేల ఏళ్లుగా మంచులో ఉండి, ఒక్క మందుబిళ్ల మొహమైనా చూడకుండా, ఏ యాంటీబయాటిక్‌కూ లొంగని బాక్టీరియాకు మన నగరంలో పౌరసన్మానం చేయబోతున్నాం" అని ఆరోగ్యమంత్రిగారు ప్రకటించారు. ఆయన దూరదృష్టి అలాంటిది. సూక్ష్మజీవిని కూడా వదలదు.

పేపర్లో ఆ వార్త ఒక శాస్త్రవేత్త కంట పడింది. ధ్రువప్రాంతంలో గడ్డకట్టిన సరస్సు అడుగునుంచి, చీదితే ముక్కే చేతికొచ్చేంత చలిలో, ఆ బాక్టీరియాను తెచ్చింది ఆమే. తెచ్చినవాటిలో చాలా దారిలోనే చచ్చిపోయి, మూత ఉన్న ఒక్క గాజు పళ్లెంలోవి మిగిలాయి. ఆమె పరుగున మంత్రిగారి దగ్గరికి వెళ్లింది.

"అయ్యా, వాటిమీద మందులెందుకు పనిచేయవో తెలిస్తే, మన ఆస్పత్రుల్లో ఏ మందుకూ తగ్గని రోగులకు కొత్త మందు కనిపెట్టొచ్చండీ. సన్మానం వద్దండీ."

"పిచ్చి తల్లీ! ఆస్పత్రుల్లో మందుల్లేవని ప్రతిపక్షం ఒకటే గోల. మందంటే ఏంటో తెలీకుండా అది నిక్షేపంలా బతికింది. ప్రజలకి అంతకన్నా ఆదర్శం ఎవరున్నారు చెప్పు?"

"వేడి తగిలితే చచ్చిపోతాయండీ."

"ఏసీ పెట్టిస్తాం మేడం. అతిథికి లోటు రానిస్తామా?" అన్నాడు పీఏ.

"ఐస్‌పెట్టెలోంచి తీయకుండా ఉంటేనే తెస్తాను."

"అలాగే తల్లీ. నీ ల్యాబుకి కరెంటిచ్చేది మేమేగా, ఆ మాత్రం తెలీదా మాకు?" అన్నారు మంత్రిగారు నవ్వుతూ. ఆ నవ్వు చూశాక ఆమె ఐస్‌పెట్టె సర్దడానికి వెళ్లింది.

సభ మైదానంలో పెట్టారు. మైదానానికి ఏసీ బిగించే విద్య ఇంకా ఎవరికీ రాలేదు కాబట్టి ఒక ఫ్యాన్ పెట్టారు. పొద్దుటి సభకి మంత్రిగారు ఎప్పటిలాగే మిట్టమధ్యాహ్నం వచ్చారు. ఆలోగా పీఏ పళ్లేన్ని ఐస్‌పెట్టెలోంచి తీసి, వేదికమీద మంత్రిగారి పక్క కుర్చీలో కూర్చోబెట్టాడు.

"అయ్యో, లోపల పెట్టండి!" అంటూ శాస్త్రవేత్త మెట్లెక్కబోయింది. పోలీసు అడ్డుపడ్డాడు.

"పాసుందా మేడం?"

"అది నాదండీ!"

"దానికి వీఐపీ పాసుంది. మీకుందా?"

లేదు. ఆమె కిందే నిలబడి, నడినెత్తిన ఎండలో తన కష్టమంతా ఉడికిపోవడం చూస్తూ ఉండిపోయింది. మంత్రిగారు ఓర్పు గురించి రెండు గంటలు మాట్లాడారు. జనంలో కొందరు సొమ్మసిల్లారు. బాక్టీరియా మాత్రం కదలకుండా విన్నాయి.

ల్యాబుకి తీసుకెళ్లి చూస్తే ఒక్కటీ బతికి లేదు. ఆమె బల్లమీద తల వాల్చి ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని పీఏకి ఫోన్ చేసి, "మీ అతిథి చచ్చిపోయింది" అని చెప్పింది.

పీఏ అసాధ్యుడు. తెల్లారేసరికి పేపర్లన్నిటిలో ఒకటే మాట: "ఏ మందుకూ చావని బాక్టీరియాను ఉపన్యాసంతో మట్టి కరిపించిన మంత్రి!" ఆ వెంటనే ఆర్డరు కూడా వచ్చింది. మందులకు తగ్గని జబ్బుల వార్డులన్నిట్లో మైకులు కట్టి ఆ ఉపన్యాసం వినిపించాలి. వినిపించారు. నడవగలిగిన రోగులు నడిచి వెళ్లిపోయారు, నడవలేనివాళ్లను బంధువులు మోసుకుపోయారు. వార్డులు ఖాళీ అయ్యాయి. జబ్బు పూర్తిగా నిర్మూలించామని శాఖ ప్రకటించింది.

మళ్లీ ధ్రువానికి పంపమని శాస్త్రవేత్త అర్జీ పెట్టుకుంది. "సమస్యే లేనప్పుడు మంచుతో ఏం పని?" అని తిప్పి పంపారు.

వానాకాలంలో మంత్రిగారు వేదిక దిగుతూ జారిపడ్డారు. కాలికి తగిలిన దెబ్బ చీము పట్టింది. ఆస్పత్రిలో చేర్చి ఎన్ని మందులు మార్చినా తగ్గలేదు. పెద్ద డాక్టరు రూలు ప్రకారం ఆయన గదిలో మైకు పెట్టించాడు. మంత్రిగారు తన ఉపన్యాసాన్ని కాసేపు పళ్లబిగువున భరించి, "ఆపండయ్యా, చచ్చిపోయేలా ఉన్నా! ఆ ల్యాబు అమ్మాయిని పిలవండి!" అని కేకేశారు.

ఆమె వచ్చింది. మంత్రిగారు ఆమె చేయి పట్టుకున్నారు. జ్వరంతో ఆయన చేయి కాలిపోతోంది. ఆమెకు జాలేసింది.

"నిజం చెప్పు తల్లీ. వాటిల్లో ఒక్కటి, కనీసం ఒక్కటైనా, నా ఉపన్యాసం తట్టుకుని బతకలేదా?"

"లేదండీ. ఒక్కటి కూడా బతకలేదు."

వెనక నిలబడ్డ పీఏ అలవాటుకొద్దీ చప్పట్లు కొట్టాడు.