మూడు కాళ్ళ బెంచీ, మూడు బస్తాల దుంపలు

సోమవారం ఉదయం రెండో కప్పు కాఫీ పూర్తయ్యేసరికి ఆర్విల్ ట్వైట్ వారం మొత్తానికీ పథకం వేసేశాడు. బుధవారానికల్లా బెంచీ తయారు. గురువారం, శుక్రవారం దాని మీద తుపాకీ ఆనించి సాధన. శనివారం పదిగంటలకు పందెంలో గెలుపు. ఆ పై శనివారం జింకల వేట మొదలవగానే గుట్టమీది మంచె ఎక్కి కూర్చోవడం. ఇందులో ఎక్కడా తేడా వచ్చే అవకాశం అతనికి కనబడలేదు. చీజ్ ఫ్యాక్టరీలో ముప్ఫై రెండేళ్ళు యంత్రాలు బాగుచేసి రిటైరైన మనిషికి తన పథకాల్లో లోపం సాధారణంగా కనబడదు.

మంచె మామగారు హాల్వర్‌ది. ఆయన కడుతుంటే కింద నిలబడి మేకులు అందించింది ఆర్విలే. పెళ్ళైన కొత్తలో ఆయన తనతో మనసు విప్పి మాట్లాడిన చోటు కూడా అదే. మాట్లాడినవి నాలుగు మాటలే అయినా, హాల్వర్ లెక్కన అది ఉపన్యాసం. మొన్న వసంతంలో ఆయన పోతూ ఒక చీటీ రాసి వెళ్ళాడు: "మంచె ఒకటి, అల్లుళ్ళు ఇద్దరు. వంద గజాల నుంచి అయిదు తూటాలు ఎవరు దగ్గరదగ్గరగా కొడితే మంచె వాళ్ళది." ఆ మంచె కావాలని ఆర్విల్‌కు ఎంత ఉందో చెప్పలేం. అతనూ ఎవరికీ చెప్పలేదు.

రెండో అల్లుడు, అంటే తోడల్లుడు, విన్స్ కపూటో. షికాగో మనిషి. మంచివాడే, తుపాకీ బాగా పేలుస్తాడు, కానీ ఈ నార్డాల్ ఊరి పద్ధతులు ఒంటబట్టలేదు. ఇరవై ఆరేళ్ళ కిందట మొదటిసారి అత్తవారింటికి వచ్చినప్పుడు అత్తగారు "కాఫీ తాగుతావా బాబూ?" అని అడిగితే "ఆఁ, తాగుతానండీ" అనేశాడు. గదిలో అందరూ చప్పబడిపోయారు. నార్డాల్‌లో మొదటిసారి అడిగితే "వద్దండీ" అనాలి. రెండోసారి "మీకెందుకు శ్రమ" అనాలి. మూడోసారి "మీరు మరీ అంతగా అంటే అరకప్పు" అనాలి. విన్స్ మొదటి మాటకే ఒప్పుకోవడమే కాక, చక్కెర కూడా అడిగాడు. ఆ సంగతి ఇప్పటికీ పెళ్ళిళ్ళలో చెప్పుకుంటారు.

బెంచీ అనుకున్నట్టే బుధవారానికి తయారైంది. మందపాటి పలక, కింద మూడే కాళ్ళు. నాలుగు కాళ్ళుంటే ఎగుడుదిగుడు నేలమీద ఒకటి గాల్లో తేలుతుంది, మూడు కాళ్ళది కదలమన్నా కదలదు. తుపాకీ పట్టే మనిషి ఒళ్ళు పలకకు ఆనుకుని కూర్చునేందుకు అంచున నెలవంకలా ఒక కోత కోశాడు. పాత జీన్సు ప్యాంటు కాళ్ళు కత్తిరించి, ఇసుక నింపి, తుపాకీ కింద పెట్టుకునే దిండ్లు కూడా కుట్టాడు. అరవై మూడేళ్ళ చేతికి ఈమధ్య కాస్త వణుకు వచ్చింది. ఆ వణుకు బెంచీకి అప్పగించేస్తే చాలునన్నది అతని ఉద్దేశం.

సరిగ్గా అప్పుడే పక్కింటి ఆర్డిసమ్మ గిన్నె తిరిగివ్వడానికి వచ్చింది. చర్చిలో లెఫ్సే రొట్టెల రోజుకు పెద్ద ఆవిడే. ఏటా నవంబరులో చర్చి నేలమాళిగలో ఇరవైమంది ఆడవాళ్ళు ఉడికించిన బంగాళాదుంపల పిండితో కాగితమంత పలచని రొట్టెలు ఒత్తుతారు. పోయినేడు బల్ల ఊగి, రెండొందల రొట్టెలు వంకరపోయాయి.

"అయ్యో నాయనా! ఈ బల్ల మాకోసమేనా?" అంది ఆర్డిసమ్మ చెంపలు పట్టుకుని.

"కాదండీ ఆర్డిసమ్మా, నాకోసమే చేసుకున్నాను."

"నీకోసమా! రొట్టెలు ఒత్తుతావా నువ్వు? ఎంత మొహమాటమయ్యా నీకు! ఇదుగో, పొట్ట పట్టడానికి జాగా కూడా కోశావు. ఇంత ముందుచూపు మా ఆయనకి జన్మలో లేదు."

గురువారం సాధన బ్రహ్మాండంగా సాగింది. అయిదు తూటాల చిల్లులూ కాఫీ డబ్బా మూత కింద దాగాయి. తుపాకీ దించి లోపలికి వచ్చేసరికి ఫోను మోగింది. పాస్టరు సోన్యా.

"ఆర్విల్‌గారూ, మీ కానుక గురించి విన్నాను. మనసు నిండిపోయిందండీ."

"పాస్టరమ్మగారూ, అది చర్చి కోసం కాదండీ. తుపాకీ పేల్చుకోడానికి."

అవతల పెద్ద నవ్వు. "చేసిన మేలు దాచుకోడానికి ఇంత దూరం పోయినవాళ్ళని నేను చూడలేదండీ! ఆదివారం ప్రసంగంలో తప్పకుండా చెప్తాను."

శుక్రవారం సాయంత్రం ఊరందరితోపాటు ఆర్విల్, అతని భార్య మార్లిస్ చేపల వేపుడు విందుకు వెళ్ళారు. వీళ్ళు లోపలికి అడుగుపెట్టగానే హాలంతా చప్పట్లు. ఇక ఉపేక్షిస్తే లాభం లేదని ఆర్విల్ లేచి నిలబడి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నలుగురిలో గొంతెత్తాడు.

"అందరూ వినండి. ఆ బెంచీ నేను మీకోసం చెయ్యలేదు. మీకు ఇవ్వడం లేదు."

చప్పట్లు రెట్టింపయ్యాయి. వెనక బల్ల దగ్గర ఒక ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు.

"రేపటి రొట్టెలకి పోను మా దగ్గర మూడు బస్తాల దుంపలు మిగిలాయి, నీకు పంపిస్తాం నాయనా," అంది ఆర్డిసమ్మ.

"వద్దండీ."

"పంపిస్తాం."

"ఎందుకండీ, వద్దు."

"సరే, పంపిస్తాం."

శనివారం ఉదయం కొత్త తూటాల కోసం ఆర్విల్ బజారుకు వెళ్ళివచ్చేసరికి గ్యారేజి వెనక గడ్డిలో మూడు కాళ్ళ గుంటలు ఉన్నాయి గానీ బెంచీ లేదు. ఇసుక దిండ్లూ లేవు. వరండాలో మూడు బస్తాల బంగాళాదుంపలు మాత్రం వరసగా కూర్చుని ఉన్నాయి.

"మార్లిస్! బెంచీ ఏదీ?"

"చర్చివాళ్ళు వచ్చి తీసుకెళ్ళారు," అంది మార్లిస్ గిన్నెలు తుడుస్తూ.

"నేను ఇవ్వనని అందరికీ చెప్పాను కదే!"

"చెప్పావు. ఆర్డిసమ్మకి ఒకసారి, పాస్టరమ్మకి ఒకసారి, నిన్న హాల్లో ఒకసారి. మూడుసార్లు కాదన్నాక ఇక ఇచ్చినట్టే కదా!"

"మరి నిజంగా ఇవ్వడం ఇష్టం లేనివాడు ఏమనాలి?"

"ఏం మనిషివయ్యా, ఈ ఊళ్ళోనే పుట్టావు కదా? 'చూద్దాంలే' అనాలి. అది విన్నాక మళ్ళీ ఎవరైనా అడుగుతారా?"

అది నిజమేనని ఆర్విల్‌కు తట్టింది. ఫ్యాక్టరీలో పై అధికారులకు ముప్ఫై రెండేళ్ళు అదే మాట చెప్పి నెగ్గుకొచ్చాడు. కోపంగా బండి తీసి చర్చికి పోయాడు. నేలమాళిగ ఆవిర్లతో నిండి ఉంది. మధ్యలో అతని బెంచీ. దాని నెలవంక కోతలో ఆర్డిసమ్మ పొట్ట అచ్చు పోసినట్టు అమరి ఉంది. అప్పడాల కర్ర కింద రొట్టె పున్నమి చంద్రుడిలా గుండ్రంగా సాగుతోంది. ఇసుక దిండ్లు తలుపు మూసుకుపోకుండా అడ్డం పడుకుని ఉన్నాయి.

"ఆర్విల్! నా పొట్ట కొలత ఎలా పట్టావు నాయనా? పన్నెండేళ్ళుగా నడుం నొప్పితో చస్తున్నాను. ఇవాళ ఒక్క కలుక్కు లేదు, చూడు!"

ఇరవైమంది ఆడవాళ్ళు అతనికేసి ప్రేమగా చూశారు. ఆర్విల్ నోరు తెరిచాడు. ఎవరో అందులో వేడి రొట్టె పెట్టారు. నమిలి మింగి, థాంక్స్ చెప్పి ఇంటికొచ్చేశాడు.

పదిగంటలకు మొక్కజొన్న కోసేసిన చేలో పందెం మొదలైంది. అవతల మట్టికట్ట, దాని ముందు గురి కాగితాలు, న్యాయనిర్ణేత మార్లిస్. విన్స్ దుకాణంలో కొన్న మడత బల్ల తెచ్చాడు. నిగనిగలాడే నాలుగు కాళ్ళు. ఒకటి మోడు మీద, ఒకటి గుంటలో, మిగిలినవి దేవుడి దయ మీద నిలబడ్డాయి.

"నీ బెంచీ ఏదీ అన్నా? ఊరంతా దాని గురించే చెప్పుకుంటున్నారు," అన్నాడు విన్స్.

"రొట్టెలు చేస్తోంది," అన్నాడు ఆర్విల్. బండిలోంచి మూడు బస్తాలూ దింపి, రెండు కింద, ఒకటి పైన పేర్చి, నేలమీద బోర్లా పడుకున్నాడు. తుపాకీ ఆనించగానే దుంపలు కొద్దిగా సర్దుకుని, అమ్మ ఒడిలా పట్టుకున్నాయి. వణుకు చేతిలోంచి బస్తాలోకి పోయింది, బస్తాలోంచి నేలలోకి పోయింది. మామగారు మంచెమీద చెప్పిన నాలుగు మాటల్లో ఒకటి గుర్తొచ్చింది: "తొందరపడకు."

మార్లిస్ కాగితాలు రెండూ పట్టుకొచ్చింది. విన్స్ అయిదు చిల్లులకూ ఒక గుప్పెడు జాగా పట్టింది. ఆర్విల్ చిల్లులు అయిదూ ఒకే చిల్లులా కలిసిపోయాయి. నాలుగే తగిలాయా అని మార్లిస్ వెలుతురుకు పెట్టి మరీ చూసింది.

విన్స్ టోపీ తీశాడు. "ఒప్పుకున్నానన్నా. ఇలాంటి గురి నేనెక్కడా చూడలేదు. మంచె నీదే. మావయ్య ఉంటే పొంగిపోయేవాడు."

ఆర్విల్ కాగితం చేతిలోకి తీసుకున్నాడు. ఆనందంతో ఛాతీ ఉబ్బింది. అంత పొగడ్త మీదపడితే నార్డాల్‌లో పుట్టిన మనిషి నోటికి వచ్చే మాట ఒక్కటే ఉంటుంది. అదే వచ్చింది.

"అబ్బే, నాదేముందిలే, అంతా దుంపల చలవ. నాకెందుకు మంచె, నువ్వే ఎక్కరాదూ?"

"నిజంగానా!" అన్నాడు విన్స్. "థాంక్సన్నా! నీది దొడ్డ మనసు." రెండు చేతులూ పట్టుకుని ఊపి, మడత బల్ల బండిలో పడేసుకుని, ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

రోడ్డు మలుపు దగ్గర బండి కనుమరుగయ్యేదాకా ఆర్విల్ రెండోసారి బతిమాలడం కోసం ఎదురుచూశాడు. వారమంతా ఊళ్ళో ఒక్కరైనా తన 'వద్దు' నమ్మితే బాగుండునని అనుకున్నాడు కదా, చివరికి ఒకడు నమ్మాడు.

ఆ పై శనివారం తెల్లవారుతుంటే ఆర్విల్ గుట్టకింద చిత్తడిలో, తలకిందులు చేసిన బకెట్ మీద, జేబులో రెండు లెఫ్సే రొట్టెలతో కూర్చున్నాడు. పైనుంచి ఒకే ఒక్క తుపాకీ మోత వినబడింది. కాసేపటికి విన్స్ కేక, ఆ తర్వాత నవ్వు. ఆర్విల్‌కు నిజంగానే ఏడుపొచ్చింది. ఒక రొట్టె తిన్నాడు.

ఆదివారం చర్చి మెట్లమీద ఆర్డిసమ్మ పట్టుకుంది. "నాయనా, వచ్చే ఏటికి ఇంకో బల్ల చేసిపెట్టవూ?"

"చూద్దాంలే," అన్నాడు ఆర్విల్.

ఆర్డిసమ్మ మళ్ళీ అడగలేదు.