పటంలో లేని పేట

ఒక పెద్ద అడవిలో పేదలు ఎక్కడుంటున్నారో తెలియడం లేదని ప్రభుత్వానికి బెంగ పట్టుకుంది. పేదలకు మాత్రం తెలుసు. కానీ వాళ్లను అడగడం పద్ధతి కాదు కదా!

రాజసభకు కూతవేటు దూరంలో, వాగు ఒడ్డున ఒక పేట ఉండేది. కుందేళ్లు, పందికొక్కులు, ముంగిసలు అక్కడ ఒకరినొకరు ఒరుసుకుంటూ బతికేవి. వానాకాలం వస్తే వాగు బొరియల్లోకి వచ్చేసేది. కిందటేడు వచ్చిన వరద నూకాలు అనే కుందేలు చిన్నకూతుర్ని పట్టుకుపోయింది. మిగిలిన పిల్లల్నైనా ఈ వానలకు ముందే ఎత్తు మీదికి చేర్చాలని నూకాలు ఆరాటం. దగ్గర్లో ఎత్తంటే ఒక్క మిట్టే. అది ప్రభుత్వానిది. అక్కడ అడుగు పెడితే తోడేలు జవాన్లు కాళ్లు విరగ్గొట్టేవారు.

పిల్ల పోయిన కబురు ఎలాగో రాజుగారి చెవిన పడింది. సింహరాజు మనసు మంచిదే, భోజనమయ్యాక మరీ మంచిది. "మిట్ట మీద పేదలకు పక్కా బొరియలు తవ్వించండి" అని ఆజ్ఞాపించాడు.

"చిత్తం. కానీ పేదలెవరో ముందు తేలాలి మహారాజా" అన్నాడు కార్యదర్శి జంబూకరావు. ఆయన నక్క.

"వెళ్లి చూసిరా."

"చూడొచ్చు. కానీ అక్కడంతా బురద. పైగా కింద తిరిగితే ఒక్కొక్కరూ ఒక్కో ఏడుపు ఏడుస్తారు. అదేం శాస్త్రీయం? ఆకాశం నుంచి చూస్తే ఏడుపు వినిపించదు, ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది."

అలా సర్వే పని గగనమూర్తి అనే గద్దకు దక్కింది. ఆయన ఎక్కడో దూరాన ఒక ఎడారిలో, పైనుంచి పేదరికాన్ని గుర్తుపట్టే చదువు చదివి వచ్చాడు. సభలో టేకాకు పరిచి తన సూత్రం వివరించాడు.

"ఇళ్లు ఇరుకిరుగ్గా, మట్టిరంగులో, పచ్చదనం లేకుండా కనిపిస్తే అది పేదల పేట. పచ్చగా కనిపిస్తే కలవారి వీధి, లేదంటే ఉద్యానవనం. ఎడారిలో ఈ సూత్రం ఒక్కసారి కూడా తప్పలేదు."

"ఇది ఎడారి కాదు కదండీ?" అని సభ్యుడైన ఎలుగుబంటి గొణిగాడు.

"తమరేం చదువుకున్నారు?" అన్నాడు గగనమూర్తి.

గగనమూర్తి మబ్బుల్లోకి లేచి చుట్లు కొట్టి పటం గీసి తెచ్చాడు. చాలా అందమైన పటం. అందులో వాగు ఒడ్డు పేట ఉన్నచోట 'ఉద్యానవనం' అని రాసి ఉంది.

ఎందుకంటే ఆ పేటలో ప్రతి బొరియ మీదా సొరతీగ ఉంటుంది. వాన పడితే ఆకులు కాస్త అడ్డుకుంటాయి, కాసిన కాయలు కడుపు నింపుతాయి. ఒకరింటి తీగ పక్కింటి మీదికి, అక్కడినుంచి ఆ పక్కింటి మీదికి పాకి పేటంతా ఒకే పందిరైపోయింది. పందిరి కింద ఎవరున్నారో పైనుంచి ఎలా తెలుస్తుంది? గగనమూర్తి కిందికి దిగడు. ఎత్తు తగ్గితే పటం పాడవుతుందట.

నూకాలు, పక్క బొరియలో ఉండే పందికొక్కు గంగుల్ని తోడు తీసుకుని కార్యాలయానికి పరిగెత్తింది.

"బాబూ, మా పేట పేరు రాయనేదంట!"

జంబూకరావు పటం విప్పాడు. "ఎక్కడమ్మా మీ పేట?"

"ఇదిగో బాబూ, వాగు పక్కన."

"ఇక్కడ ఉద్యానవనం ఉంది."

"వనం కాదు బాబూ, అయి మా సొరపాదులు. ఆటి కిందే మేం ఉంటన్నాం."

"ఉద్యానవనంలో కాపురం పెట్టడం నేరం, తెలుసా?"

"ఒక్కపాలి వచ్చి సూడండి. మీ కిటికీలోంచే అగుపడతాది" అన్నాడు గంగులు.

"కిటికీలోంచి చూసింది చెల్లదయ్యా. పైనుంచి చూడాలి."

నూకాలుకు దుఃఖం ఆగలేదు. "పోయినేడు నా సిన్న గుంటని వాగు తీసుకుపోయింది బాబూ. అది వనంలో ఆడుకుంటా పోనేదు."

జంబూకరావు కిటికీ వైపు చూడబోయి మానేశాడు. తర్వాత పటం చుట్టేసి, అభ్యంతరాలేమైనా ఉంటే గద్దగారితో చెప్పుకోమన్నాడు. గద్దగారు ఎక్కడుంటారని గంగులు అడిగితే ఆకాశం చూపించాడు.

ఆ సాయంత్రం జంబూకరావు తన ఇంటి ముందు పచ్చిక మీద కూర్చుని ఆలోచనలో పడ్డాడు. పచ్చదనం లేకపోతే పక్కా బొరియ ఇస్తారు. పచ్చదనం తీసేయడం ఎంత పని? ఆయన ఉండే చందనవీధిలో పొరుగున దుమ్ములగొండి, నెమలి కాపురముంటారు. వాళ్లకూ చెవిలో వేశాడు. మర్నాటికల్లా వీధిలో పచ్చిక చెక్కేశారు, పూలమొక్కలు పీకేశారు, ఇళ్ల మీద బురద పూసి ఎండుటాకులు పోశారు. నెమలి భార్య తన సన్నజాజి పొదను పట్టుకుని ఏడ్చింది.

"పేదరికం మనకేమైనా శాశ్వతమా? నాలుగు రోజులు ఓర్చుకో" అని నెమలి ఓదార్చాడు.

పేటలో గంగులు కూడా సొరపాదులు పీకేద్దామన్నాడు. నూకాలు ఒప్పుకోలేదు. "పీకితే ముందు తడిసేది మన పిల్లగుంటలే. పేదోలమని సూపించుకోడానికి ఉన్నదీ పోగొట్టుకోమంటావేటి?"

అభ్యంతరాల పరిశీలనకని గగనమూర్తి ఇంకోసారి ఎగిరాడు. దిగివచ్చేసరికి కళ్లు చెమర్చి ఉన్నాయి.

"రాజసభ పక్కనే, చందనవీధిలో ఇంత దారిద్ర్యం ఉందని మనకు తెలియకపోవడం సిగ్గుచేటు మహారాజా!"

సింహరాజు ఆశ్చర్యపోయాడు. "జంబూకరావ్, నువ్వు పేదవాడివా? ఎప్పుడూ చెప్పలేదే!"

"అభిమానం అడ్డొచ్చింది మహారాజా" అన్నాడు జంబూకరావు తల వంచుకుని.

పథకంలో ఒక నిబంధన ఉంది. కొత్త బొరియ పొందినవారి పాత ఇల్లు అదే రోజు నేలమట్టం చేయాలి. పేదలు రెండిళ్లు అనుభవిస్తారేమోనన్న భయంతో దాన్ని రాసింది జంబూకరావే. తన విషయంలో ఎవరూ పట్టించుకోరనుకున్నాడు. కానీ రాజుగారికి ఉత్సాహం ఎక్కువైంది. మేళతాళాలతో ఏనుగుల్ని వెంటబెట్టుకుని స్వయంగా వచ్చి, చందనవీధిని దగ్గరుండి తొక్కించాడు. "ఇక మీ కష్టాలు తీరాయి" అని జంబూకరావు భుజం తట్టాడు కూడా.

లబ్ధిదారులు మిట్టెక్కారు. బొరియలు పక్కాగానే ఉన్నాయి, కానీ పేదలంటే కుందేళ్లే కదా అని ఆ కొలతకే తవ్వినవి. జంబూకరావుకు తలకాయ మాత్రం పట్టింది. నెమలి తోక బయటే ఉండిపోయింది. దుమ్ములగొండి పంతంపట్టి దూరి ఇరుక్కుంటే, ఏనుగు వచ్చి కాళ్లు పట్టి లాగాల్సి వచ్చింది.

"మరి మనమెక్కడుండాలి?" అంది దుమ్ములగొండి.

అందరూ పటం మీదికి వంగారు. వాగు పక్కన ఉద్యానవనం ఖాళీగా కనిపించింది. అది ఖాళీ కాదని జంబూకరావుకు తెలుసు. నూకాలు కళ్లనీళ్లు ఆయన చూశాడు. అయినా ఆ వనాన్ని తమకు కేటాయిస్తూ సంతకం పెట్టేశాడు.

తోడేళ్లు వచ్చి, ఉద్యానవనాన్ని ఆక్రమించిన నేరానికి పేటను ఖాళీ చేయించాయి. అప్పటికే పడమటి దిక్కున మబ్బు పట్టింది.

"గుంటల్తో ఎక్కడికి పోమంటారు బాబూ?" అని నూకాలు బతిమాలింది.

"ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి పో!" అన్నాడు తోడేలు జవాను.

ఖాళీగా ఉన్నది మిట్ట ఒక్కటే. కాపలావాళ్లందర్నీ ఉద్యానవనానికి మార్చడంతో అక్కడ అడ్డుకునేవారు లేరు. పేటంతా బిక్కుబిక్కుమంటూ మిట్టెక్కి, చప్పుడు చేయకుండా బొరియల్లో దూరింది. కొలతలు సరిగ్గా సరిపోయాయి. కాగితాల్లో మాత్రం ఇప్పటికీ అక్కడ జంబూకరావు కుటుంబమే ఉంటోంది.

వాన మొదలైంది. జవాన్లు ముందుగా పారిపోయారు. వాగు తనకు అలవాటైన దారినే ఉద్యానవనంలోకి వచ్చింది. జంబూకరావు, దుమ్ములగొండి, నెమలి మెడలోతు నీళ్లలో చేతులూ రెక్కలూ ఎత్తి ఆకాశంలోకి కేకలు పెట్టారు. గగనమూర్తి పైనే తిరుగుతున్నాడు. వాళ్లను చూసి ఆప్యాయంగా రెక్క ఊపాడు.

మిట్ట మీద నూకాలు ఆ కేకలు విని పిల్లల్ని దగ్గరికి లాక్కుంది. అవి ఎలాంటి కేకలో ఆమెకు తెలుసు. పరుగెత్తి వెళ్లి సభలో చెబుదామని లేచింది కూడా. కానీ ఏమని చెబుతుంది? పటంలో లేని కుందేలు మాట ఎవరు వింటారు? మళ్లీ కూలబడింది.

సభలో గగనమూర్తి నివేదిక చదివాడు. "వాన వల్ల ఉద్యానవనంలో చక్కటి కొలను ఏర్పడింది మహారాజా. జంబూకరావుగారూ మిత్రులూ అందులో చేతులెత్తి కేరింతలు కొడుతున్నారు."

సింహరాజు సంతోషంతో జూలు విదిలించాడు. "పాపం, పేదవాడు. ఇన్నాళ్లకు సుఖపడుతున్నాడు. ఎవరూ వెళ్లి కదిలించకండి."

నీతి: మునిగిపోయేవాడు ఎంత గింజుకున్నా, పైనుంచి చూసేవాడికి ఈత కొడుతున్నట్టే ఉంటుంది.