కృష్ణమ్మ దగ్గరికి ఒక్క టికెట్టు

ఆ మంగళవారం తెల్లవారేసరికి సుందరరామయ్య చేతిలో ఉన్నవి మూడు: విజయవాడకు ఒక రైలు టికెట్టు, ఒక డబ్బా పులిహోర, ఏ పనీ లేని ఒక పూర్తి రోజు. మొదటి రెండూ ఎవరైనా సంపాదించుకోగలరు. మూడోదాన్ని కూడబెట్టడానికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది.

మార్కాపురంలో ఆయనది కిరాణా దుకాణం. విజయవాడకు నూరుసార్లు వెళ్లి ఉంటాడు. వెళ్లిన ప్రతిసారీ కందిపప్పు కోసమో ఎండుమిర్చి కోసమో వెళ్లాడు. మనసులో బస్తాలు లెక్కపెట్టుకుంటూనే కృష్ణానదిని దాటాడు. వీధిలోకి ట్యాంకరు వచ్చినప్పుడు బిందెల్లో పడే చప్పుడే ఆయనకు తెలిసిన నీళ్ల పాట. ఈ మధ్య మధ్యాహ్నం పూట గల్లాపెట్టె ముందు కూర్చుంటే కళ్లు వాటంతటవే మూతపడేవి. ఎదురుగా ఉన్న రోడ్డు మెల్లగా మెత్తబడి, వెడల్పయి, పడవల్ని మోసుకుంటూ పోయేది. ఎవరో వచ్చి అరకిలో చక్కెర అడిగేసరికి మళ్లీ తారురోడ్డయ్యేది. ఒక్కరోజు ఆ ఒడ్డున కూర్చుని, నీళ్లు ఎటు పోతే అటు చూస్తూ ఉండాలి. ఎవరూ పలకరించకూడదు. ఆయన ప్లానంతా అదే.

ప్లాను బాగానే ఉంది, పైకి చెప్పుకోవడమే కష్టం. నీళ్లు చూడటానికి దుకాణం మూశాడంటే దివాలా తీశాడనైనా అంటారు, మతి తప్పిందనైనా అంటారు. అందుకని ముందురోజు ఇంట్లో విజయవాడలో చిన్న పనుందని మాత్రం చెప్పి ఊరుకున్నాడు. బయలుదేరే మనిషిని ఎక్కడికి, ఎందుకు అని అడిగితే పని చెడుతుందని ఆ ఇంట్లో తరతరాల నమ్మకం. భార్య మహాలక్ష్మి అడగలేదు. అడగకూడదు గనుక తనే ఊహించుకుంది.

సరుకుకు పోయేవాడు సంచి లేకుండా పోడు. ఇక్కడ సంచి లేదు, కొత్త చొక్కా మాత్రం ఇస్త్రీ అయింది. నెలరోజులుగా బావ కళ్లు మూసుకుని కూర్చుంటున్నాడని, దుకాణంలో సాయంగా ఉండే తమ్ముడు ఫణికృష్ణ చెప్పనే చెప్పాడు. ఇవన్నీ కూడితే ఆమెకు గుండె డాక్టరు తేలాడు. ఆ సంగతి తమ్ముడికి చెప్పింది. అతను దుకాణంలో పప్పు చెరిగే సామ్రాజ్యానికి చెప్పాడు. సామ్రాజ్యం సాయంత్రం చర్చిలో చెప్పింది. చెవులు మారేకొద్దీ డాక్టరు ఆపరేషనయ్యాడు. మనిషి తిరిగి రావడం అనుమానంలో పడింది.

సుందరరామయ్య స్టేషనులో ఆటో దిగిన కాసేపటికి ఇంకో రెండు ఆటోలు వచ్చి ఆగాయి. మహాలక్ష్మి, ఫణికృష్ణ, సామ్రాజ్యం, ఆమె భర్త ఇస్సాకు, వాళ్ల వెనక చర్చివాళ్లు. అంతలో బండీ వచ్చింది. అది ఆగేది రెండు నిమిషాలు. బరువెత్తకూడదంటూ ఫణికృష్ణ డబ్బా లాక్కుని, సీటు చూసిపెట్టడానికి బండెక్కేశాడు.

"ఏందిదంతా?" అన్నాడు సుందరరామయ్య.

"మాట్లాడి ఆయాసపడమాకు అన్నా. ఒక్క ముక్క ప్రార్థన చేసి పంపిస్తాం," అంది సామ్రాజ్యం.

ఇరవై ఏళ్లుగా తన దుకాణంలో పనిచేసిన మనిషి తన కోసం కళ్లు మూసుకుంది. తను తెరుచుకుని నిలబడటం మర్యాద కాదు. ఆయనా మూశాడు.

సామ్రాజ్యం గుండెతో మొదలుపెట్టింది. గుండెలో గదులు నాలుగూ అయ్యాయి, నరాలయ్యాయి, ఊపిరితిత్తులు దాటి కాలేయానికి వచ్చింది. ఆయన ఒక్క కన్ను తెరవబోతే, భయపడుతున్నాడనుకుని ఇస్సాకు చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఇక తప్పదనుకున్నాక రెప్పల వెనక నది వచ్చింది. నిదానంగా, ఎండలో మెరుస్తూ, మోకాళ్ల దాకా వచ్చింది. సామ్రాజ్యం గొంతు అవతలి ఒడ్డు నుంచి పడవవాడి పిలుపులా వినబడింది. ఎక్కడో ఏదో కూత వేసింది. లాంచీ అనుకున్నాడు.

ఆమెన్ అనేసరికి పట్టాలు ఖాళీ.

టికెట్టు జేబులోనే ఉంది. పులిహోరా ఫణికృష్ణా విజయవాడ పోయారు. టికెట్టు లేనందుకు జరిమానా విజయవాడ దాకా కట్టించుకున్నారు గనుక, మధ్యలో దిగితే నష్టమని అతను లెక్కేసుకున్నాడు.

దుకాణం తెరుస్తానంటే ఎవరూ వినలేదు. ఇంటికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టారు. పదకొండింటికి ఫణికృష్ణ వీడియో కాల్ చేశాడు. అతని వెనక రేవు మెట్లు, మెట్ల కింద వెడల్పుగా, ఏ తొందరా లేకుండా నీళ్లు.

"పనేమీ లేదు బావా, యాడికి పోవాలో తెలీక ఈడ కూర్చున్నా. పులిహోర బాగుంది."

సుందరరామయ్య ఫోనును కళ్లకు అంత దగ్గరగా పెట్టుకోవడం చూసి మహాలక్ష్మి జబ్బు కళ్లకూ పాకిందనుకుంది. అడగకూడదన్న నమ్మకాన్ని పక్కనపెట్టి, ఇంతకీ ఏ డాక్టరని అడిగేసింది.

"డాక్టరు లేడు," అన్నాడాయన. "ఏరు చూద్దామని పోతి."

కోప్పడుతుందనుకున్నాడు. ఆమె ఆ ఫోనును తన వైపు తిప్పుకుని చూసింది.

"ఒక్క మాట చెప్పింటే నేనూ వద్దును గదండీ. నేను మాత్రం ఎప్పుడు చూశాను?"

ఇరవై ఎనిమిదేళ్లలో ఆ పద్దు రాసుకోవడమే మరిచాడు. ఆదివారం ఇద్దరమే పోదామన్నాడు. జావ తెచ్చిన సామ్రాజ్యం గుమ్మంలో అది విన్నది. ఆపరేషన్ అవసరమే లేకపోయిందంటే అది ప్రార్థన ఫలమే. దేవునికి కృతజ్ఞత చెప్పాలి, ఏటి ఒడ్డున చెబితే మరీ మంచిది. ఆదివారం చర్చి ఉంది గనుక సోమవారమంది. స్టేషనుకు వచ్చినవాళ్లను వదిలిపెట్టి పోతే బాగుండదని మహాలక్ష్మి అంది. రేవు తనకు తెలుసు గనుక టికెట్లు తనే బుక్ చేస్తానని ఫణికృష్ణ తిరుగు రైల్లోంచి ఫోనులో చెప్పాడు.

సాయంత్రానికి లెక్క తేలింది. మొత్తం టికెట్లు పదకొండు. పదింటికి సీట్లు ఖాయమయ్యాయి. వెయిటింగ్ లిస్టులో మిగిలిన ఒక్క పేరు సుందరరామయ్యది.