పిట్ట తోక కోసం లైను

…లేకపోతే తను చూస్తున్నది ఉన్న పిట్టనేనా, చూడాలనుకున్న పిట్టనా? మనసు కోరినదాన్ని కళ్లు కల్పిస్తాయని సుందరరావుకు గట్టి అనుమానం. సొంత కళ్లనే నమ్మని మనిషి ఇతరుల కళ్లనేం నమ్ముతాడు? అందుకే గురజాల మిషన్ స్కూల్లో పదేళ్లుగా పాఠాలు చెబుతున్నా స్నేహితుడంటూ ఒక్కడూ లేడు.

బొటనవేలంత పిట్ట. మట్టిరంగు. పున్నమ్మ దొడ్లో నిమ్మకొమ్మ మీద కూర్చుని రెక్కలు జారవేస్తుంది, తోక టక్కున ఎత్తుతుంది, నేల మీది పురుగును అందుకుని మళ్లీ అదే కొమ్మకు చేరుతుంది. తోక మొదట్లో రెండు పక్కలా తెలుపుంటే అది చలికాలంలో మంచుదేశాల నుంచి వచ్చే ఈగపట్టు పిట్టల్లో ఆడదని మిషన్ పాదిరిగారు అరువిచ్చిన పిట్టల పుస్తకం చెబుతోంది. నారింజరంగు గొంతు మగదానికే. తెలుపు లేకపోతే మరేదో పిట్ట. ఏ పిట్టో చెప్పమని పాదిరిగారు అడిగి మూడు చలికాలాలైనా తేలలేదు. ఆయన రేపు స్వదేశం వెళ్లిపోతున్నారు. ఇవాళ పది గంటల బస్సులో పుస్తకం, జవాబు రెండూ ఆయనకు పంపాలి.

తెల్లవారగానే వెళ్లి పున్నమ్మ ఇంటి తడిక ముందు కదలకుండా నిలబడ్డాడు.

యుద్ధం ముగిసినా కిరసనాయిలు తిరిగిరాని రోజులవి. మూసిన తడిక ముందు మనిషి నిలబడితే ఎందుకని ఎవరూ అడగరు. అడిగేలోపు చోటు పోతుంది. ఖాళీ సీసాతో పోతున్న ఎస్తేరు అతని వెనక నిలబడింది. ఆమె వెనక ఇంకొకరు. ఎనిమిదయ్యేసరికి నలభైమంది. పక్కవీధికి పొక్కుతుందని ఒక్కరూ నోరు విప్పలేదు. ఆ నిశ్శబ్దానికి సుందరరావు మురిసిపోయాడు.

పిట్ట కొమ్మ మారింది. అతను రెండడుగులు జరిగాడు. వెనక నలభైమందీ జరిగారు.

"మేష్టారూ, మనిషికెంత పోస్తారంట?" ఎస్తేరు గుసగుసగా అడిగింది.

అతను వెనక్కి తిరిగి చూశాడు. వీధి చివరిదాకా ఖాళీ సీసాలే. నిజం చెబితే నవ్వుతారు. "ఇంకా తేలలేదు," అన్నాడు.

అంతలో అబ్దుల్ జబ్బార్ డబ్బాతో వచ్చి వరస చివర చేరాడు. ఊళ్లో రేషను కార్డు చూసి కిరసనాయిలు పోసే కొట్టు ఆయనదే.

"జబ్బారు బాబాయే వచ్చాడంటే ఇక్కడ దొరికేది ఖాయం!" అని ఎవరో అరిచారు.

"నా కొట్లో చుక్క లేదు, ఇక్కడేమన్నా…" అన్న ఆయన మాట ఎవరికీ పట్టలేదు. నలభైమంది ఒక్కసారిగా ముందుకు తోశారు. తడికతో సహా సుందరరావు దొడ్లో పడ్డాడు.

పున్నమ్మ చీపురుతో ఊడిపడింది. "ఏందే ఎస్తేరూ! ఇది నా దొడ్డనుకున్నావా, సంతనుకున్నావా?"

"కిరసనాయిలు పోస్తన్నావంట గదా పిన్నీ!"

"నా ఇంట్లో దీపం పెట్టి వారమైంది!"

అందరూ సుందరరావు వైపు తిరిగారు.

"నేను… ఆ పిట్ట తోక చూద్దామని," అని, దెబ్బలు తప్పవనుకుని కళ్లు మూసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే పిట్ట తోకెత్తింది.

"అబ్బో! రెండు పక్కలా సున్నమేసినట్టుంది!" అంది ఎస్తేరు.

అతను కళ్లు తెరిచేసరికి తోక దిగిపోయింది.

"ఏదేదీ? మాకు కనపళ్లా!"

"తోసుకోమాకండి! ఒకళ్ల తర్వాత ఒకళ్లు!" అంటూ పున్నమ్మ చీపురు అడ్డం పెట్టింది. ఒక్కొక్కరే వచ్చి, తోక లేచేదాకా చూసి, "తెలుపే, చానా తెలుపు," అని తేల్చి పోతున్నారు.

సుందరరావు మెల్లగా తల ముందుకు పెట్టాడు.

"లైను, మేష్టారూ! పొద్దుటాల్నుంచి ముందున్నది మీరేగా!" అని ఎస్తేరు ఆపింది.

బస్సు హారను మోగింది. ఉత్తరంలో "ఆడదే. ఊరు చూసింది" అని రాసి, పుస్తకంలో పెట్టి ఎస్తేరు చేతికిచ్చి బస్సు దగ్గరికి పరిగెత్తించాడు. తర్వాత వెళ్లి జబ్బారు వెనక నిలబడ్డాడు.

జబ్బారు అలవాటుకొద్దీ వెనక్కి తిరిగి, "కార్డుందా?" అన్నాడు.

సుందరరావు జేబులోంచి తీసి చూపించాడు.