జయకుమారి టీచరు చెయ్యని ఉపవాసం

ఆ శుక్రవారం పొద్దున జయకుమారి టీచరు వేసుకున్న పథకంలో పెద్ద విశేషాలేమీ లేవు. బడికి నడిచి వెళ్లాలి. ఇంటర్వెల్లో ఉడికించిన గుడ్డు ఒకటి, మధ్యాహ్నం చిన్న గిన్నెడు పప్పు తినాలి. సాయంత్రం గ్లాసుడు మజ్జిగ గుక్క గుక్కగా తాగాలి. అంతకు మించి ఆవిడ కడుపులో పట్టదు. దసరా సెలవుల్లో గుంటూరులో ఒక ఆసుపత్రికి వెళ్లి, కడుపు కోయించుకుని, బానంత సంచిని అరటిపండంత చేయించుకుని వచ్చింది మరి.

ఆ సంగతి భర్త శ్యామ్ సుందర్‌కి తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు. పిత్తాశయంలో రాళ్లు తీయించుకున్నానని చెప్పింది. రాళ్లంటే ఊళ్లో గౌరవం ఉంది. నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుందంటే ఉండదు. అదీ ఆవిడ భయం. చిన్నప్పటి నుంచీ ఒంటి గురించి వినని మాట లేదు. ఆటో బుడాన్ అయితే ఆవిడ ఎక్కితే పక్కన ఇంకెవరినీ కూర్చోబెట్టేవాడు కాదు, మర్యాద కోసం కాదు, చోటు లేక. ఆ వెనక సీట్లో ఒంటరిగా కూర్చుని ఎన్నోసార్లు కళ్లు తుడుచుకుంది. ఈ రోడ్డు మీద నా కాళ్లతో నేను నడిచి తీరతానని పట్టుబట్టింది అక్కడే.

ఆవిడ నడవగలుగుతోంది. నడవనివ్వడమే ఊరికి చేతకావడం లేదు.

"టీచరు గారూ, ఎక్కండి! ఎండెక్కుతోంది!" అంటూ బుడాన్ ఆటో స్లో చేశాడు.

"నేను నడుస్తున్నాను బుడాన్."

"అదే చూస్తన్నా గదండీ. చూళ్లేకే ఎక్కమంటున్నా. సారుతో ఏమన్నా గొడవా? బండి మీద దింపటం లేదా?"

"గొడవేం లేదు. నువ్వు పోవయ్యా."

"పోతా గానీ, ఎందుకట్టా చిక్కిపోయారండీ? సుగరా?"

ఆటోలో మిరపకోతలకు వెళ్లే ఆడవాళ్లు ఆరుగురూ తలలు బయటపెట్టి జవాబు కోసం చూశారు. సుగరా, థైరాయిడా, మనోవ్యాధా అని రోజూ ఈ రోడ్డు మీద ఆవిడకు ప్రశ్నలే ప్రశ్నలు. "రాళ్లు" అని చెప్పి, ఆవిడ అడుగు వేగం పెంచింది. బడి గేటు దాకా ఆటో పక్కనే నడిచింది.

సాయంత్రం పక్కింటి స్తుతి ఇంట్లో ప్రార్థన కూడిక. ఈస్టరుకు ముందొచ్చే శ్రమల దినాలు అవి. చర్చి సంఘంలో కొందరు ఆ నలభై రోజులూ ఉపవాసాలుంటారు. ప్రార్థన అయ్యాక స్తుతి ఉప్మా, బూందీ, అరటిపండు పెట్టిన ప్లేటు తెచ్చి చేతికిచ్చింది.

"వద్దు స్తుతీ."

"కొంచెం తినక్కా."

"అస్సలు పట్టదమ్మా."

జయకుమారి టీచరు బూందీ వద్దనడం స్తుతి తన జీవితంలో ఇదే మొదలు చూడటం. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. "ఉపవాసమా అక్కా?" అంది గొంతు తగ్గించి.

అవునంటే అబద్ధం. కాదంటే ఆపరేషన్ దాకా వెళ్తుంది. టీచరు ఏమీ అనకుండా నవ్వి ఊరుకుంది. ఆ నవ్వే కొంప ముంచింది.

స్తుతి మంచిది, కానీ ఏ సంగతీ తన దగ్గర నిలవుంచుకునే రకం కాదు. ఆదివారం ఆరాధనలో పాస్టరు యేసుపాదం అయ్యగారు మైకు పట్టుకుని, "ప్రియులారా, మన మధ్య ఒక సహోదరి చడీచప్పుడూ లేకుండా నలభై రోజుల ఉపవాసం చేస్తున్నారు. మన జయకుమారి టీచరు గారు! చూడండి, మనిషి సగమైపోయింది!" అన్నారు. అందరూ వెనక్కి తిరిగి చూశారు. నిజమే, మనిషి సగమైంది. అంతకన్నా రుజువేం కావాలి?

ఇక లాభం లేదని టీచరు లేచి నిలబడి, "అయ్యగారూ, ఒక్క మాట..." అంది.

"కూర్చోండమ్మా, నీరసంగా ఉంటుంది" అన్నారాయన ఆప్యాయంగా. అటు ఇద్దరూ ఇటు ఇద్దరూ చేతులు పట్టుకుని ఆవిడను కూర్చోబెట్టారు. ఒకామె కొంగుతో విసరడం కూడా మొదలుపెట్టింది.

ఇది సంఘంతో ఆగిపోయి ఉంటే శ్రమల దినాలతోనే పోయేది. కానీ సోమవారం మబ్బు పట్టింది. ఊరి చివర కల్లాల నిండా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆరే కాయ మీద వాన పడితే రంగు పోతుంది, బూజు పడుతుంది, ఏడాది కష్టం కుప్పలోనే కుళ్లుతుంది. సాయంత్రం ఆకాశం నల్లబడింది, ఉరిమింది, నాలుగు చినుకులు రాల్చి మబ్బు వెళ్లిపోయింది. పక్క ఊళ్లో మాత్రం కుండపోత. "మా అక్క ఉపవాసం ఊరికే పోతుందా!" అంది స్తుతి పంపు దగ్గర.

చీకటి పడే వేళకి ఊళ్లోకెల్లా పెద్ద కల్లం ఉన్న వెంకటనారాయణ టీచరు ఇంటి వరండాలో చేతులు జోడించుకుని నిలబడ్డాడు.

"టీచరమ్మా, మా దేవుడు, మీ దేవుడు అని నేనేం పెట్టుకోను. వాన ఎవరాపితే వాళ్లకే దణ్ణం. కాయ ఇంకా పచ్చి మీదుంది. టీవీలో అల్పపీడనం అంటన్నారు. టిక్కీ బస్తాలకెత్తిందాకా మీరు మెతుకు ముట్టొద్దు తల్లీ."

"వెంకటనారాయణ గారూ, నేనసలు ఉపవాసమే..."

"పైకి చెప్పుకోకూడదు లెండి, నాకు తెలుసు. మా అమ్మా అంతే, శనివారాలున్నా లేననే అనేది." ఆయన భుజం మీది తువ్వాలు తీసుకున్నాడు. "పోయినేడు కాయంతా తడిసిందమ్మా. ఈసారి కూడా తడిస్తే నేను లేవలేను."

అరవై ఏళ్ల మనిషి తువ్వాలుతో కళ్లు ఒత్తుకుంటుంటే టీచరు నిజం చెప్పడం మాని, ఆయనకి కుర్చీ జరిపింది. డాక్టరు కడుపుతో పాటు జాలి కూడా కొంత కోసేసి ఉంటే బాగుండేది.

మర్నాటి నుంచి ఊరు ఊరంతా ఆవిడ నోటికి కాపలా కాసింది. బళ్లో మధ్యాహ్న భోజనం వండే ఆయమ్మ టీచరు గదికి పప్పు వాసన కూడా రాకుండా కిటికీ మూసింది. ఆవిడ స్టోర్ రూములోకి పోయి, పాత బెంచీల వెనక నిలబడి గుడ్డు తిని వచ్చింది. లావుగా ఉన్నప్పుడు నలుగురిలో తినాలంటే సిగ్గుపడేది. ఇప్పుడు సన్నబడి, దొంగతనంగా తింటోంది. దీనికోసమేనా కోయించుకుంది అని ఏడుపొచ్చింది.

బుధవారానికి ఆ గుడ్డు కూడా లేకుండా పోయింది. ఇంటి వరండాలో ఆడవాళ్లు వంతులవారీగా ప్రార్థనకు కూర్చున్నారు. "నోరూరించే శోధన ఇంట్లో ఉండకూడదక్కా" అంటూ స్తుతి గుడ్లూ, పప్పు డబ్బా, పెరుగ్గిన్నే తీసుకెళ్లి తన ఇంట్లో పెట్టుకుంది. శ్యామ్ సుందర్‌కి భోజనం కూడా అక్కడే. ఆయన కోడికూర తిని, తేన్పుకుంటూ వచ్చి, భార్య మొహం చూసి తల దించుకున్నాడు.

"ఏవండీ, డాక్టరేమన్నాడు? పూట తప్పితే కళ్లు తిరిగి పడిపోతావనలేదూ? ఎక్కణ్నించైనా గుడ్లు తెండి."

"బయట అంతమంది ఉన్నారు కదే."

"అంతమందిలోంచే కదా ఇందాక వెళ్లి కోడికూర తినొచ్చారు."

శ్యామ్ సుందర్ బండి తీశాడు. హైవే మీద బండివాడి దగ్గర ఉడికించిన గుడ్లు నాలుగు కొని, హెల్మెట్లో పెట్టుకుని, పైన కర్చీఫ్ కప్పి వచ్చాడు. ఎన్నడూ లేనిది హెల్మెట్‌ని పసిపిల్లలా చంకనేసుకుని వరండా దాటబోయాడు. అప్పుడే అయ్యగారు కళ్లు మూసుకుని పెద్ద ప్రార్థన చేస్తున్నారు.

"అన్నయ్యా, హెల్మెట్ ఇటివ్వండి, తగిలిస్తా" అంది స్తుతి.

"వద్దమ్మా, నేనే..."

"మీరెందుకు, ఇటివ్వండీ" అని లాక్కుని, మేకుకి తగిలించడానికి తిరగేసింది. నాలుగు గుడ్లూ ఒకదాని వెనక ఒకటి చాప మీద పడి దొర్లాయి. ఒకటి అయ్యగారి మోకాలికి తగిలి ఆగింది. ఆయన కళ్లు తెరిచారు.

"శ్యామ్ సుందర్ గారూ, భర్తగా మీరు బలపరచాలి గానీ, ఇట్లా పడగొట్టడానికి చూస్తారా?"

"అది కాదండీ, నేనే... నాకే ఆకలేసి..."

"ఇందాకేగా అన్నయ్యా, మూడుసార్లు అన్నం పెట్టించుకున్నారు!" అంది స్తుతి. గుడ్లు పారేయడం పాపమని వరండాలో ఉన్నవాళ్లందరికీ ముక్కలు చేసి పంచింది, ఒక్కరికి తప్ప.

గురువారం తెల్లవారేసరికి తూర్పున ఆకాశం నల్లగా దిగి ఉంది. టీచరు మంచం దిగి నిలబడబోతే గది గిర్రున తిరిగింది. తలుపు పట్టుకుని కాసేపు ఆగింది. భయమేసింది, వెంటనే కోపం కూడా వచ్చింది. ఊళ్లో వాళ్ల మీద కాదు, శుక్రవారం నాటి తన నవ్వు మీద. వానని ఆపడం తన వల్ల కాదు. తన తిండి తాను తినడం తన వల్ల అవుతుంది. చెప్పులేసుకుంది.

"ఎక్కడికి జయా?" అన్నాడు శ్యామ్ సుందర్ కంగారుగా.

"తినడానికి."

కల్లాల దగ్గర ఊరంతా ఉంది. కాయని కుప్పలు చేసి పట్టలు కప్పుతూ, కేకలేసుకుంటూ పరుగులు పెడుతున్నారు. అయ్యగారు కూడా ఒక పట్ట కొస పట్టుకుని లాగుతున్నారు. వెంకటనారాయణకి ఆయన భార్య తెచ్చిన క్యారేజీ అప్పటికి నింపిన టిక్కీల మీద పెట్టి ఉంది. టీచరు తిన్నగా వెళ్లి ఒక టిక్కీ మీద కూర్చుని, క్యారేజీ విప్పింది. పై గిన్నెలో అన్నం, కింద గిన్నెలో గుడ్ల పులుసు.

"అందరూ వినండి!" అంది. ఇరవై ఏళ్లుగా పిల్లల్ని అదిలించిన గొంతు అది, కల్లం ఆ కొసకి వినిపించింది. "నేను ఉపవాసం చెయ్యటం లేదు. ఒక్క రోజు కూడా చెయ్యలేదు. దసరాకి నేను తీయించుకుంది రాళ్లు కాదు, లావు తగ్గడానికి కడుపు కోయించుకున్నాను. పూటకి ఇంతే పడుతుంది నాకు. ఆ ఇంతా తినకపోతే పడిపోతాను. చెప్పడానికి సిగ్గేసి దాచాను. ఇప్పుడు సిగ్గు కన్నా ఆకలెక్కువగా ఉంది."

అయ్యగారి చేతిలోంచి పట్ట జారిపోయింది. "అమ్మా, నేను మైకులో..."

"మైకులో చెప్పే ముందు నన్నొక మాట అడగాల్సింది అయ్యగారూ" అంటూ గుడ్డు కొరికింది.

డాక్టరు బాగా నమిలి మింగమన్నాడు కాబట్టి ఆవిడ నిదానంగా నమిలింది. జనం ఆవిడ దవడ వంక చూసి, ఆకాశం వంక చూసి, మళ్లీ దవడ వంక చూశారు. పెద్దగా ఉరిమింది. వెంకటనారాయణ నేల మీద కూలబడి రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు.

"అమ్మా, ఆ సగమన్నా వదిలెయ్ తల్లీ! నా కాయ!"

"వదలను" అంది టీచరు. ఆవిడా ఓరకంట మబ్బు వంక చూసింది. పాపం ముసలాయన. అయినా వదల్లేదు, మిగతా సగం కూడా నోట్లో పెట్టుకుంది.

అప్పుడు పడమటి గాలి లేచింది. పట్టలు టపటపా కొట్టుకున్నాయి. మబ్బు పలచబడుతూ, సముద్రం వైపు జరుగుతూ, కాసేపటికి విడిపోయింది. ఎర్రటి కాయల మీద ఎండ పడింది. అల్పపీడనం దారి మార్చుకుందని మధ్యాహ్నం టీవీలో చెప్పారు గానీ, కల్లంలో ఉన్నవాళ్లకు ఆ వార్త అక్కర్లేదు. జరిగింది వాళ్లు కళ్లారా చూశారు.

ఆ సాయంత్రం టీచరు వరండాలో కూర్చుని ఊళ్లోవాళ్ల కోసం ఎదురుచూసింది. ఎగతాళి చేసేవాళ్లకి ఇవ్వాల్సిన జవాబులన్నీ సిద్ధం చేసుకుంది. ఎవరూ రాలేదు. శుక్రవారం తెల్లారకముందే మాత్రం గేటు చప్పుడైంది. తలుపు తీస్తే వెంకటనారాయణ క్యారేజీతో, ఆయన వెనక స్తుతి గుడ్ల గిన్నెతో, ఆ వెనక బుడాన్ బిర్యానీ పొట్లంతో నిలబడి ఉన్నారు. గేటు బయట ఇంకో పది టిఫిన్ డబ్బాలు వరసగా వస్తున్నాయి.

"తినండి తల్లీ" అన్నాడు వెంకటనారాయణ. "నిన్న మీరట్టా తిన్నారో లేదో, మబ్బు ఇట్టా పోయింది. కాయ ఎత్తటానికి ఇంకా రెండ్రోజులు పడుద్ది. ఈ రెండ్రోజులూ మానొద్దు."

"ఆపరేషన్ అని చెప్పాను కదండీ! కడుపు కోయించుకున్నానని అంతమందిలో..."

"చెప్పారుగా, విన్నాం. దాందేముందమ్మా, మా బావమరిదీ ఏదో కోయించుకున్నాడు. ముందు మీరు తినండి."

టీచరు ఒక్కొక్కళ్ల మొహం చూసింది. ఎగతాళి లేదు, ఆరా లేదు, మిరపకాయల మీద దిగులు తప్ప ఇంకేమీ లేదు. ఇన్ని నెలలు గుండెల్లో బండలా మోసిన రహస్యం ఊళ్లో ఒక్క పూట కబురుకి కూడా పనికిరాలేదు. ముందు ఒళ్లు మండింది, తర్వాత నవ్వొచ్చింది. కుట్లు పడ్డ చోట చెయ్యి అదుముకుని, గోడకానుకుని మరీ నవ్వింది.

నవ్వు ఆగాక స్తుతి గిన్నెలోంచి ఒక్క గుడ్డు తీసుకుంది. "ఇదే నా కొలత. కల్లం కొట్టుకుపోయినా రెండోది తినను, కల్లం కొట్టుకుపోయినా ఇది మానను. మిగతావి పట్టుకెళ్లండి" అని, అందరి ముందూ మెట్టు మీద కూర్చుని నిదానంగా తిని, చేతులు కడుక్కుని, వేళవ్వగానే బడికి నడిచి వెళ్లింది.

ఆ ఏడు కాయ మొత్తం ఎత్తిందాకా ఊళ్లో వాతావరణం కోసం ఎవరూ టీవీ పెట్టలేదు, టీచరు గారు తిన్నారో లేదో కనుక్కుంటే సరిపోయింది.