నల్లాలో నీళ్లొచ్చిన నాటకం

పంతొమ్మిది వందల యాభై ఏడులో మాదన్నపేట ప్రజలు ఒక నాటకం ఆడుకోవడానికి ప్రభుత్వం దయతో అనుమతి ఇచ్చింది. ఆ దయ ఎట్లా కురిసిందో పాఠకులకు మనవి చేయడం నా విధి. తెర వెనక నిలబడి మాటలు అందించే పని నాదే.

రాసినవాడు కొండల్, యాకుత్‌పురా రైల్వే స్టేషన్లో నౌకరు. మా గల్లీ నల్లా ఎండిపోయి రెండేళ్లయింది. అర్జీలు పెట్టి పెట్టి విసిగి, చివరికి ఇరవయ్యారు పేజీల నాటకం రాశాడు. ఖాళీ బిందెలతో నల్లా దగ్గర కొట్లాడుకునే ఆడవాళ్ల కథ. ముఖ్య వేషం కూరగాయలమ్మే కొమురమ్మది. చదువు రాకపోయినా, ఐదు రోజుల్లో మాటలన్నీ నోటికి పట్టింది.

నాటకాల పరిశీలన సంఘం అధ్యక్షులు సుబ్రహ్మణ్యం గారు గొప్ప కళాభిమాని. పేజీ తిప్పకుండానే లోపం కనిపెట్టారు.

"నల్లాలో నీళ్లు లేవంటే సంబంధిత శాఖవారు నొచ్చుకోరా? నీళ్లు రానివ్వండి."

"నీళ్లొస్తె ఇగ కథేముంటది సార్?" అన్నాడు కొండల్.

"మీకు కథ కావాలా, అనుమతి కావాలా?"

నీళ్లు వచ్చాయి. రెండోసారి వెళ్తే, ఆడవాళ్ల కొట్లాట కొత్త రాష్ట్ర సమైక్యతకు భంగమని తేలింది. వాళ్లు కావలించుకున్నారు. మూడోసారి అధ్యక్షుల వారు భాషను స్వహస్తాలతో దిద్దారు. "ఏందక్కా, నీళ్లొచ్చినయా" అన్నది "సోదరీ, జలము లభించినదా" అయింది.

కొమురమ్మ నాలుగు రోజులు తంటాలు పడింది. "నేను గిట్ల మాట్లాడితె నాకు గాలి సోకిందంటరు కొండలన్నా," అంది. సంఘం పెద్ద మనసు చేసుకుని ఆమెది మూగ వేషంగా మార్చింది.

ఇరవయ్యారు పేజీల్లో మూడు మిగిలాయి. ప్రేక్షకులకు లోటు రాకుండా మధ్యలో అధ్యక్షుల వారి ఉపన్యాసం చేర్చారు. అందించడానికి మాటలు లేవు కనుక నేను ముందు వరుసలో కూర్చున్నాను.

ఆదివారం సాయంత్రం గల్లీ అంతా వచ్చింది. వేదిక మీద నల్లా ధారగా పారింది. ఆ నీళ్లు మైలు దూరంలోని బావి నుంచి పొద్దుటి నుంచీ మేమే మోసుకొచ్చాం. ఆడవాళ్లు కావలించుకున్నారు. సుబ్రహ్మణ్యం గారు లేచారు.

"కళ ప్రజల గొంతుక. దాన్ని ఎవరూ నొక్కరాదు," అంటూ నలభై నిమిషాలు సాగించారు. అంతసేపూ వెనక నిలబడ్డ కొమురమ్మ బిందె దించి ముందుకొచ్చింది.

"సార్, పోయిన ఎండకాలం నా బిడ్డకు జరమొచ్చింది. నెత్తిమీద తడిబట్ట ఏద్దామంటె ఇంట్ల సుక్క నీళ్లు లెవ్వు..."

ఆమెను ఆపింది అధికారులు కాదు. వాళ్లకింకా అర్థమే కాలేదు. ఆపింది మేమే. నేనే అందరికన్నా ముందు అన్నాను: "జర ఆగు కొమురమ్మా, పెద్దసారు మాట్లాడుతున్నడు."

ఆమె ఆగింది. ఉపన్యాసం ముగిశాక చప్పట్లు కొట్టి ఇళ్లకు పోయాం. ఆ మాట ఎక్కడికి పోయేదో మాకు తెలియక కాదు. ఆ బిడ్డను పూడ్చిన నాడు మేమంతా వెంట నడిచినవాళ్లమే.