సరిచూసే ఫోను

సిగరెట్టు పెట్టె మీద కుళ్ళిన ఊపిరితిత్తుల బొమ్మ వేయించి, ఆ పెట్టెనే అమ్మనిచ్చే ప్రభుత్వానికి వచ్చేది పాపమా, పుణ్యమా? ఈ సందేహం నాకు ఏళ్ళుగా ఉంది. పూజలో కూర్చున్నా వదలదు. మా వీధి సర్వే గుమాస్తాను అడిగితే, తన పని అడగడం వరకేననేవాడు. ఆ అడగడమే ఆయన కొంప ముంచింది.

ఆ పొద్దున ఆయన అనుకున్నది చిన్న పనే. పొగాకు చట్టాల గురించి పొగతాగేవాళ్ళ అభిప్రాయాలు సేకరించాలి. లెక్కకు ఇంకొక్క మనిషి దొరికితే ఉద్యోగం మరో ఏడాది నిలుస్తుంది. ఏ తలుపు తట్టినా ఇల్లాలు తమ ఇంట్లో ఆ అలవాటే లేదనేది. వెనక మొగుడు దగ్గేవాడు. చివరికి చిన్ననాటి స్నేహితుడైన దర్జీ కొట్టుకు వెళ్ళాడు.

దర్జీ జబ్బుపడి లేచాక, సిగరెట్టు మానేశానని భార్యకు ఒట్టేశాడు. మళ్ళీ ముట్టుకుంటే అక్క ఇంటికి పోయి తిరిగి రానని ఆమె చెప్పింది. అయినా స్నేహితుడి కోసం తెర చాటున నిలబడి, పెట్టె మీది బొమ్మ చూస్తే భయమేస్తుందనీ, ఆ భయం తగ్గడానికే ఇంకొకటి వెలిగిస్తాననీ గుసగుసగా చెప్పాడు. ఫోను నంబరు అడిగితే, బట్టలిచ్చేవాళ్ళకు చెప్పే నంబరే అలవాటుగా చెప్పేశాడు. అది భార్యది.

జవాబులు గుమాస్తా సెల్లులోంచి ఆఫీసుకు చేరాయి. నిజమో కాదో ఫోను చేసి సరిచూడటం పైఅధికారి పని. గుమాస్తా ఇంకా అక్కడే ఉండగా, దర్జీ భార్య ఫోను పట్టుకుని కొట్లోకి వచ్చింది.

"మీరు రోజుకు పది తాగుతారట, నిజమేనా అని అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?"

దర్జీ అది సబ్బుల సర్వే అన్నాడు.

"సబ్బులు తాగుతున్నారా?"

టీ అన్నాడు. టీ మానేయాలని ఎన్నిసార్లు ప్రయత్నించారని ఎందుకడిగారో చెప్పమంది. తడబడి, కుడుతున్న కోటు వెనక్కి దాచబోతే, అందులోంచి సిగరెట్టు పెట్టె జారిపడింది.

"ఈ ఫోను పెట్టేయనీండి, అక్కకు చేసుకుంటాను," అందామె నెమ్మదిగా.

గుమాస్తా ఆ పెట్టెనే చూస్తున్నాడు. బడిలో ఒకసారి మాస్టారి ముందు తన జేబులోంచి సిగరెట్టు పడితే, "నాదేనండీ" అన్నవాడు ఈ దర్జీ. వాణ్ని బడినుంచి తీసేశారు. అందుకే ఒకరికి కలం, ఒకరికి సూది.

"అది నాదమ్మా. జవాబులూ నావే. మనిషి దొరక్క నేనే నింపి, వీడి నంబరిచ్చాను."

"ఒట్టా అన్నయ్యా?"

"ఒట్టు."

ఈ ఒట్టు పాపమో పుణ్యమో కూడా నాకు తేలలేదు. ఫోను మాత్రం ఆమె ఇంకా పెట్టేయలేదు. అంతా విన్న అధికారి, అందులోంచే గుమాస్తాను రేపటినుంచి రావద్దన్నాడు.

ఆమె పెట్టె తీసి ఆయన చేతిలో పెట్టింది. "దూరంగా వెళ్ళి తాగు అన్నయ్యా. ఈయనకు వాసన పడదు."

బడినాటి బాకీ అలా తీరింది. ఆయన పెట్టె జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. సిగరెట్టు మాత్రం ఆ బడి రోజునే మానేశాడు.